పడవ ప్రాణం బేరింగులోనే
ఒండ్రు నీటిలో లోహం కంటె రబ్బరే మేలు

మరపడవ అనగానే అందరి దృష్టీ ఇంజనుపైనే పడుతుంది. అది ఎన్ని హార్స్‌పవర్, ఎంత డీజిలు తాగుతుంది అన్న లెక్కలే తప్ప, ఇంజను శక్తిని నీటిలోని పంకాకు అందించే ఇరుసు దేనిపై ఆనుకుని తిరుగుతున్నదన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. అయితే ఆ ఇరుసును మోసే బేరింగు అరిగిపోయిన నాడు ఎంత శక్తిమంతమైన ఇంజనైనా అక్కరకు రాదు. నడిసముద్రంలో పంకా ఆగిపోతే పడవతో పాటు అందులోని మత్స్యకారుల ప్రాణాలూ అలల పాలవుతాయి.

బంగాళాఖాతంలో వేటకు వెళ్లే మరపడవలకు, గంగా-బ్రహ్మపుత్ర నదులలో సరుకులు మోసే నాటు పడవలకు, రైతుల బోరుబావుల్లోని పంపులకు కూడా వర్తించే సూత్రం ఒకటుంది. బేరింగు ఎలాంటి నీటిలో పనిచేయవలసి ఉన్నదో చూసి, తదనుగుణంగా దాని రకాన్ని నిర్ణయించుకోవాలన్నదే ఆ సూత్రం.

కొయ్యతో మొదలు

19వ శతాబ్దం మధ్యకాలంలో పంకాతో నడిచే ఆవిరి ఓడలు వచ్చినప్పుడు ఇరుసుకు ఇత్తడి బేరింగులు అమర్చేవారు. లోహంపై లోహం ఒరుసుకుని అవి త్వరగా అరిగిపోయి, ఓడలోకి నీరు వచ్చేది. బ్రిటిష్ ఇంజనీరు జాన్ పెన్ 1854లో దీనికి పరిష్కారం కనుగొన్నారు. లిగ్నమ్ విటే అనే కొయ్య పలకలను బేరింగులో అమర్చి, వాటి మధ్య నీరు పారేలా ఆయన ఏర్పాటు చేశారు. కరీబియన్ ప్రాంతంలో పెరిగే ఈ చెట్టు కొయ్య నీటిలో మునిగిపోయేంత బరువైనది. అందులో సహజంగా ఉండే జిగురే కందెనగా పనిచేస్తుంది. విపరీతంగా నరికివేయడంతో ఈ చెట్లు తరిగిపోయాయి. ప్రస్తుతం వీటి అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలో ఉంది.

రబ్బరు బేరింగు పుట్టింది ఓడలో కాదు, గనిలో. కాలిఫోర్నియాకు చెందిన గనుల ఇంజనీరు చార్లెస్ షేర్‌వుడ్ 1920ల తొలినాళ్లలో, ఇసుక నీటిని తోడే పంపు బేరింగులు తరచూ పాడవుతుండగా, వాటి స్థానంలో రబ్బరు గొట్టం ముక్కను అమర్చి చూశారు. అది లోహం కంటె ఎక్కువకాలం మన్నింది. ‘కట్‌లెస్’ పేరుతో ఆ తర్వాత పడవలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన బేరింగు ఇదే.

దీని నిర్మాణం తేలిక. ఇత్తడి గొట్టం లోపల రబ్బరు పొర ఉంటుంది. ఆ పొరపై నిలువునా గాళ్లు ఉంటాయి. ఇరుసు తిరిగేటప్పుడు దానికీ రబ్బరుకూ మధ్య పలుచని నీటిపొర ఏర్పడి, రెండూ ఒరుసుకోకుండా కాపాడుతుంది. ఇసుక రేణువు చొరబడితే రబ్బరు కాస్త లోనికి నొక్కుకుని, దానిని గాడిలోకి దొర్లించి బయటకు పంపుతుంది. అదే లోహపు బుష్‌లోనైతే ఆ రేణువు గుచ్చుకుని ఆకురాయిలా ఇరుసును కోసివేస్తుంది.

ఒండ్రు నదులలో పరీక్ష

గంగా-బ్రహ్మపుత్ర నదులు ఏటా దాదాపు 100 కోట్ల టన్నుల ఒండ్రును మోసుకువస్తాయని అంచనా. అలహాబాద్ నుంచి హల్దియా దాకా 1,620 కిలోమీటర్ల గంగా మార్గాన్ని 1986లో ఒకటవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో సేద్యపు పంపుల కోసం వచ్చిన చిన్న డీజిలు ఇంజన్లనే 1980ల నుంచి నాటు పడవలకు పెద్దయెత్తున అమర్చుకున్నారు. ఇటువంటి బురద నీటిలో లోహపు బుష్‌ల కంటె రబ్బరు బేరింగులే మన్నుతాయి.

కాగా, పెద్ద ఓడలలో తెల్లలోహంతో పోత పోసిన బేరింగులను చమురులో తిప్పుతారు. చమురు బయటకు పోకుండా రెండు చివరలా సీళ్లు ఉంటాయి. తాడో, వలో ఇరుసుకు చుట్టుకుంటే సీలు తెగి చమురు సముద్రం పాలవుతుంది. ఈ కారణంగానే అమెరికా 2013 నుంచి 79 అడుగులు, అంతకు మించిన పొడవుగల ఓడలలో నీటికి చేరే అవకాశమున్న చోట్ల పర్యావరణానికి హాని చేయని కందెనలనే వాడాలని నిబంధన విధించింది. దరిమిలా నీటితోనే నడిచే పాలిమర్ బేరింగులపై ఆసక్తి పెరిగింది.

నీటి బేరింగుకు పొడవు ఎక్కువ అవసరం. సాధారణంగా అది ఇరుసు వ్యాసానికి నాలుగు రెట్లు ఉండాలి. అంటే 50 మిల్లీమీటర్ల ఇరుసుకు 200 మిల్లీమీటర్ల బేరింగు కావాలి. చమురుతో నడిచే తెల్లలోహానికి రెండు రెట్లు చాలు.

చుక్కాని తీరు వేరు

చుక్కాని ఇరుసు గిరగిరా తిరగదు. అటూ ఇటూ నెమ్మదిగా కదులుతుంది. అందువల్ల నీటిపొర ఏర్పడే అవకాశం తక్కువ. పదార్థానికే జారుడు గుణం ఉండాలి. కంచు బుష్‌లు, గట్టి ప్లాస్టిక్ బుష్‌లు ఇక్కడ వాడతారు. నైలాన్ విషయంలో జాగ్రత్త అవసరం. అది నీటిని పీల్చి ఉబ్బి, ఇరుసును బిగదీస్తుంది. తుపానులో చుక్కాని బిగుసుకుంటే పడవను అలకు ఎదురు తిప్పడం కష్టమవుతుంది. అసిటాల్ వంటి ప్లాస్టిక్‌లు నీటిని చాలా తక్కువగా పీల్చుకుంటాయి.

పంపుల విషయానికి వస్తే, తెలంగాణ, రాయలసీమలలో బోర్లపై ఆధారపడిన రైతులకు ఈ అనుభవం కొత్త కాదు. సబ్‌మెర్సిబుల్ పంపులోని రబ్బరు బుష్‌లకు పైకి వచ్చే నీరే కందెన. నీటిమట్టం పడిపోయి పంపు ఉత్తగా తిరిగితే బుష్‌లు వేడెక్కి కాలిపోతాయి. నీరందని పంపును వెంటనే ఆపివేసే పరికరాన్ని స్టార్టరు వద్ద అమర్చుకుంటే ఈ నష్టాన్ని నివారించవచ్చు. ఒడ్డున ఉన్న పడవలో పంకాను తిప్పి ఇంజనును పరీక్షించినా రబ్బరు బేరింగుకు ఇదే గతి పడుతుంది.

ముందే పసిగట్టవచ్చు

బేరింగు అరుగుదల ఒక్కరోజులో జరిగేది కాదు. పడవ వెనుక భాగం అదరడం, కొత్తగా కటకట శబ్దం రావడం, గ్లాండు వద్ద నీటి ధార పెరగడం దాని సూచనలు. పడవను ఒడ్డుకు లాగినప్పుడు పంకా వద్ద ఇరుసును చేత్తో పైకీ కిందికీ కదిపి చూస్తే ఎంత వదులైందో తెలుస్తుంది. కొత్త బేరింగు త్వరగా అరిగిపోతే, ఇంజను, ఇరుసు ఒకే వరుసలో లేవని అనుమానించాలి. ఒడ్డున చేసిన సరిచూపు నీటిలో మారిపోతుంది కనుక, పడవ తేలిన తరువాత కప్లింగు వద్ద మరల సరిచూడటం తప్పనిసరి. వేట నిషేధ కాలంలో పడవలు ఎటూ ఒడ్డునే ఉంటాయి. ఇంజను మరమ్మతులతో పాటు బేరింగులను కూడా అప్పుడే తనిఖీ చేయించుకుంటే, నడిసముద్రంలో చిక్కుకునే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.