తెనుగు టాకీ తొలి నాయిక: సురభి కమలాబాయి

సంపూర్ణముగ తెనుగున నిర్మింపబడిన తొలి టాకీ 'భక్తప్రహ్లాద'. అందు లీలావతి పాత్రమును ధరించి పాడిన నటీమణి సురభి కమలాబాయి. ఆ పాటను నేడు వినగోరువారికి మార్గము లేదు. ఆ చిత్రపు ప్రతి యొక్కటియైనను మనకు మిగులలేదు. అది 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని చిరకాలము నమ్మి, ఆ దినముననే మనవారు తెనుగు సినిమా జన్మోత్సవములు జరుపుచు వచ్చిరి. పిమ్మట శ్రద్ధతో వెదకిచూడగా, సెన్సారు పత్రము 1932 జనవరి 22వ తేదీదనియు, బొంబాయిలోని కృష్ణా సినిమాయందు చిత్రము ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెననియు తేలినది. చిత్రమును పోగొట్టుకొంటిమి, తేదీని తప్పుగ తలచుకొంటిమి. ఇట్టి మనము ఆ నటిని, ఆమెను తీర్చిదిద్దిన రంగస్థలమును మరచుటలో వింత యేమియు లేదు. కాని అది న్యాయమా యని ఆంధ్ర మహాజనులు ఒక్కపరి విచారింపవలసియున్నది.

కమలాబాయి గొప్పదనమును గ్రహింపవలెనన్న, ముందుగ ఆమె పుట్టిన కుదురును గూర్చి తెలియవలెను. మహారాష్ట్రమునుండి వలసవచ్చి, తోలుబొమ్మలాట జీవనముగ గ్రామగ్రామము దిరిగిన కుటుంబములు కొన్ని రాయలసీమలో స్థిరపడెను. వారిలో వనారసవారు ప్రసిద్ధులు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున, ఒక వివాహసందర్భమున, వారు బొమ్మలను ప్రక్కకు బెట్టి తామే వేషములు ధరించి 'కీచకవధ' నాటకమాడిరి. నాటినుండి ఆ గ్రామనామమే వారి యింటిపేరువలె నిలిచిపోయినది. ఈ సమాజమునకు మూలపురుషుడుగ వనారస గోవిందరావును స్మరింతురు. ఇండ్లలో మరాఠీ మాటలాడుకొనుచు, దీపములముందు నిలిచి తెనుగు పద్యమును రాగయుక్తముగ చదివిన ఈ కుటుంబములు ఆంధ్రభాషకు చేసిన సేవ సామాన్యమైనది కాదు.

సురభివారి యసలైన సాహసము వేరొకటి గలదు. ఆ దినములలో మన నాటకశాలలందు స్త్రీపాత్రములను పురుషులే ధరించుచుండిరి. పురుషుడు స్త్రీవేషమున నెంతటి సిద్ధి పొందగలడో స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచిన తరమువారు చెప్పుకొనుచు వచ్చిరి. ఆ ప్రతిభకు 1956లో పద్మశ్రీ లభించినది; అది యర్హమే. కాని ఆ యాచారము వెనుక నున్న కారణము మాత్రము ప్రతిభ కాదు. గౌరవకుటుంబములోని స్త్రీ రంగమెక్కరాదని సంఘము విధించిన కట్టడియే కారణము. రంగమెక్కిన స్త్రీకి రాత్రి చప్పట్లు, పగలు చాటుమాటలు. ఆమె పాటను మెచ్చిన పెద్దమనుష్యుడే మరునాడు ఆమెను తన యింటి గడప త్రొక్కనిచ్చుటకు సందేహించెడివాడు.

ఇట్టి కాలమున సురభివారు తమ ఇల్లాండ్రను, కూతుండ్రను, కోడండ్రను రంగముమీదికి దెచ్చిరి. సీత వేషమును సీతవంటి గృహిణియే ధరించెను. ఇది సాధ్యమగుటకు వారి జీవనవిధానమే తోడ్పడినది. వారి సమాజమే వారి సంసారము. భర్త రాజైన భార్య రాణి. మామగారు హార్మోనియము ముందు గూర్చుండును. మరది తెరలు లాగును. మరునాటి వంటయు, చినిగిన వేషముల కుట్టుపనియు అందరివి. ఉయ్యాలలోని శిశువు తెరవెనుకనే నిదురించును. నడక నేర్చిన బిడ్డ లవుడో కుశుడో అగును. వచ్చిన సొమ్ము ఉమ్మడిది. రానినాటి పస్తు కూడ ఉమ్మడిదే. అక్షరములకంటె ముందు తాళము, మాటలకంటె ముందు పద్యము అబ్బెడి ఇట్టి పాఠశాల మరెక్కడను లేదు.

కమలాబాయి ఈ పాఠశాలలో 20వ శతాబ్ది తొలి దశాబ్దమున జన్మించెను. ఆమె తల్లి వేషము ధరించి రంగముమీద నుండగనే ప్రసవవేదన మొదలయ్యెననియు, శిశువు నాటకశాలలోనే భూమిమీద పడెననియు చెప్పుకొనెడి గాథ యొకటి గలదు. అది యక్షరాల జరిగినను, చెప్పుకొనువారి ప్రేమచే కొంత పెరిగినను, సురభి స్త్రీ జీవితమును అంతకంటె చక్కగ చెప్పెడి కథ లేదు. ప్రసవమునకును ప్రదర్శనమునకును నడుమ వారికి విరామము స్వల్పము. బాల్యమున కమలాబాయి కృష్ణుడు, ప్రహ్లాదుడు మొదలగు బాలపాత్రలను ధరించి, క్రమముగ నాయికాపాత్రలకు వచ్చెను.

ఆ నాటి సంగీతనాటకమన నెట్టిదో నేటి యువకులకు కొంత వివరింపవలెను. శబ్దమును పెంచెడి యంత్రము లేదు. డేరాలో ముందువరుస కుర్చీలలోని భూస్వామికిని, వెనుక నేలమీద గూర్చుండిన కూలివానికిని పద్యమొక్కతీరుగ వినబడవలెను. పద్యము ముగియగనే రాగాలాపనము. ఆలాపనము ముగియగనే 'వన్స్ మోర్' అను కేకలు. దుఃఖమున మూర్ఛిల్లిన చంద్రమతి లేచి, అదే పద్యమును మరల పాడి, మరల మూర్ఛిల్లవలసినదే. తెల్లవారుజాము వరకు ఇట్లు పాడి, మరునాటి రాత్రికి గొంతు నిలుపుకొనుట యొక తపస్సు. ఈ తపస్సే తరువాత సినిమాకు పెట్టుబడి అయ్యెను.

ఎట్లనగా, 1931 మార్చి 14వ తేదీన 'ఆలం ఆరా' విడుదలై భారతదేశమున టాకీయుగము మొదలయ్యెను. అదే సంవత్సరము అక్టోబరులో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 'కాళిదాస్' వచ్చెను. అందు నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమును, ఇతరులు తెనుగు, హిందీలను పలికిరి. అంతట పూర్తిగ తెనుగు చిత్రమొకటి తీయవలెనని రెడ్డిగారు తలచినప్పుడు ఎవరిని బిలువవలెను? పరోక్షగానపద్ధతి యింకను పుట్టలేదు. నటించువారే పాడవలెను, వాద్యగాండ్రు కెమెరా కంటబడకుండ ప్రక్కను గూర్చుండి వాయింపవలెను, మాటయు పాటయు అభినయమును ఏకకాలమున యంత్రమున కెక్కవలెను. తప్పు జరిగిన అంతయు మొదటికి వచ్చును. స్వరము, తాళము, వాచకము శరీరములో జీర్ణించినవారికి తప్ప ఇది సాధ్యము గాదు. అట్టి స్త్రీలు, పురుషులు సురభివారియొద్ద సిద్ధముగ నుండిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి 'భక్తప్రహ్లాద' నాటకము వారికి కంఠస్థము. కావున ఆ నాటకమే చిత్రకథ యయ్యెను. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. బాల్యమున ప్రహ్లాదుడై తల్లికొరకు పాడిన బాలిక, ఇప్పుడు తల్లియై ప్రహ్లాదునికొరకు పాడినది.

అదే 1932లో కమలాబాయి 'పాదుకాపట్టాభిషేకము', 'శకుంతల' చిత్రములందును కనబడెను. తరువాత కొంతకాలము బొంబాయిలోనే నిలిచి హిందీ చిత్రములందు కూడ నటించెను. డేరానుండి వచ్చిన తెనుగు నటి పరభాషాచిత్రములలో నిలదొక్కుకొనుట ఆ దినములలో అల్పవిషయము కాదు. 1935 ప్రాంతమున హిందీచిత్రములలో పరోక్షగానము ప్రవేశించి క్రమముగ దేశమంతట వ్యాపించెను. పాట యొకరిది, పెదవి యొకరిది అయ్యెను. గాయకనటి విలువ తగ్గెను. ముఖసౌందర్యము, ప్రాయము విలువ పెరిగెను. రంగస్థలమున నడివయసు స్త్రీ గొంతు బలిమిచే నాయికగ నిలువగలదు. కెమెరా కన్ను అంత దయగలది కాదు.

1951లో విజయావారి 'పాతాళభైరవి' విడుదలయ్యెను. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున ఎన్.టి. రామారావు తోటరాముడుగ నటించిన ఆ చిత్రమును చూడని తెనుగువా డరుదు. 1952లో మన దేశమున జరిగిన ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున కూడ అది ప్రదర్శితమయ్యెను. అందు తోటరాముని తల్లి యెవరు? కమలాబాయియే. తొలి టాకీ నాయిక ఇరువదేండ్లు గడువక మునుపే నాయకుని తల్లి యయ్యెను. ఆ తల్లి మాటలు వినువారిలో నూటికి తొంబదిమందికి ఆమె యెవరో తెలియదు. 1971లో ఆమె పరమపదించెను. స్త్రీపాత్రధారణలో సాటిలేని స్థానం నరసింహారావుగారు కూడ అదే సంవత్సరము గతించిరి. స్త్రీవేషమున మెప్పించిన పురుషుడును, స్త్రీగనే రంగమెక్కి మెప్పించిన స్త్రీయును ఒకే యేట వెడలిపోవుటతో తెనుగు నాటకచరిత్రలో ఒక ఘట్టము ముగిసినది.

ఇక్కడ పాఠకులు గమనింపవలసిన విషయ మొకటున్నది. టాకీ వచ్చినప్పుడు, నాటకము క్షణభంగురమనియు, యంత్రము కళను శాశ్వతముగ నిలుపుననియు అందరు తలచిరి. జరిగినది విపరీతము. యంత్రము పట్టియుంచిన లీలావతి గానము నశించినది. మనుష్యులు ఒకరినుండి యొకరు నేర్చుకొని నిలుపుకొన్న సురభి విద్య మాత్రము, ఎంత క్షీణించినను, ఇంకను ఊపిరితో నున్నది. 'మాయాబజారు'లో ఘటోత్కచుని నోటికి లడ్డు లెగిరివచ్చుచునే యున్నవి. అమ్ములు ఆకాశమున ఢీకొని నిప్పులు రాలుచునే యున్నవి. 1937లో నెలకొల్పబడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది. వారు 2022లో కీర్తిశేషులైరి. ఒకప్పుడు పదులకొలది యుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే మిగిలినవి. సినిమా వారి నటీనటులను గొనిపోయెను, ప్రేక్షకులను గొనిపోయెను. ప్రతిఫలముగ వారికి ఇచ్చినది స్వల్పము.

ఒక్క బిరుదుతోను, ఒక్క శాలువతోను ఈ ఋణము తీరదు. సురభి కుటుంబములలోని వృద్ధనటీమణులకు కంఠస్థమైయున్న పద్యపు బాణీలను, వేషధారణ మర్మములను వారి జీవితకాలముననే ధ్వనిముద్రణము చేయించి విశ్వవిద్యాలయములందు భద్రపరుపవలెను. వారి బిడ్డల చదువునకు భంగము కలుగకుండ, విద్యయు నాటకమును కలిసిసాగెడి యేర్పాటు ప్రభుత్వములు చేయవలెను. పట్టణములలో ఉత్సవములకు వేలకువేలు వ్యయించెడి సంపన్నులు సంవత్సరమున కొక వారమైన వారిని బిలిచి నాటకము లాడింపవలెను. మిగిలిన పాతచిత్రముల ప్రతులైనను చెదలపాలు గాకుండ కాపాడవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది గౌరవము. తన కుటుంబముతో రంగమెక్కి, గొంతు చించుకొని మన పురాణములను మనకే విన్పించిన స్త్రీని మన పూర్వులు చాటుగ నెట్లు మాటాడిరో మనము ఎరుగుదుము. ఆ తప్పు దిద్దుకొనుటకు కమలాబాయి లేదు. కాని ఆమె పాడిన నాటకములోనే నేటికిని ఒక బాలిక ప్రహ్లాదవేషమున తెరప్రక్కన తన వంతుకై నిలుచుండును. ఆమె ఎదుట కుర్చీలు నిండుగ నుండునట్లు చూచుట మన చేతిలోని పని.