నీడ గీసే బొమ్మ

పిల్లలూ! డిసెంబరు నెలలో ఒక సెలవునాడు మీరు విశాఖపట్నంలో కైలాసగిరి ఎక్కారనుకోండి. కొండమీద పార్కు, కింద సముద్రం, పైన మబ్బుతునకైనా లేని ఆకాశం! పొద్దుటిపూట సముద్రం కనిపించేట్టు చెల్లాయిని నిలబెట్టి, నాన్నగారి సెల్‌ఫోనుతో ఫోటో తీశారు. తీరా చూస్తే సముద్రం వెండిరేకులా మెరుస్తున్నది. చెల్లాయి ముఖం మాత్రం నల్లగా ఉన్నది! చెల్లాయికి కోపం వచ్చింది.

తప్పు ఫోనుది కాదు. అక్కడ సముద్రం ఆగ్నేయం వైపున ఉన్నది. శీతకాలంలో పొద్దుటి సూర్యుడు కూడా ఆ దిక్కునే ఉంటాడు. అందుచేత వెలుగంతా చెల్లాయి వీపున పడింది. ముఖం నీడలో ఉండిపోయింది.

మరి పొద్దున ఏం తీయాలి? కుడిప్రక్కకు, నైరుతి దిక్కుగా తిరగండి. తీరం వెంట నగరమూ, దూరాన సముద్రంలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండా కనిపిస్తాయి. ఇప్పుడు సూర్యుడు మీ ఎడమచేతి వైపున ఉన్నాడు. ప్రక్కనుంచి వచ్చే ఎండలో ప్రతి కొండకూ, ప్రతి చెట్టుకూ ఒకవైపు వెలుగు, రెండోవైపు నీడ ఏర్పడతాయి. ఆ నీడవల్లనే ఫోటోలో కొండ ఎత్తుగా, నిండుగా కనిపిస్తుంది. నీడ లేకపోతే అది అట్టముక్కలా ఉంటుంది.

ఇందుకు శీతకాలం చాలా అనువైనది. ఎందుకో తెలుసా? జూన్ 21న మిట్టమధ్యాహ్నం విశాఖలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. 4 అడుగుల పిల్లవాడి నీడ 5 అంగుళాలకు మించదు. డిసెంబరు 22 నాటికి సూర్యుడు దక్షిణాన మకరరేఖకు చేరతాడు. ఆనాటి మధ్యాహ్నం అదే పిల్లవాడి నీడ సుమారు 3½ అడుగులు! పొద్దున, సాయంత్రం ఇంకా పొడుగు. అంటే శీతకాలంలో నడిమధ్యాహ్నం కూడా బొమ్మకు కావలసిన నీడ దొరుకుతుందన్నమాట.

మధ్యాహ్నం 3 గంటలు దాటాక చెల్లాయిని మళ్ళీ పిలవండి. ఈసారి మీరు తూర్పుకు తిరిగి తీయండి. సూర్యుడు మీ వెనకవైపు ఉంటాడు గనుక సముద్రం నీలంగా, చెల్లాయి ముఖం కళకళలాడుతూ వస్తాయి. కోపమూ తీరిపోతుంది! అయితే ఒక్క మాట: సూర్యుడికేసి సూటిగా ఎన్నడూ చూడకండి. కళ్ళు చెడిపోతాయి.

మీ ఊళ్ళో సముద్రం లేదా? ఫరవాలేదు. ఇంటిముందు చెట్టును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకేచోట నిలబడి ఫోటో తీసి చూడండి. ఒక్క చెట్టే మూడు చెట్లలా కనిపిస్తుంది!