ఒక్క డాట్ వెనక ఇంత కథ ఉందా? ఐఫోన్ యాప్‌ల లోపల ఏం జరుగుతుందంటే...

ఐఫోన్ యాప్ కోడ్ తెరిస్తే 'ఫోన్.బ్యాటరీ' లాంటి లైన్లు అడుగడుగునా కనిపిస్తాయి. చూడ్డానికి ఎక్కడో దాచిన విలువను తీసి చదివినట్టే ఉంటుంది. కానీ ఆబ్జెక్టివ్-సీలో అది నిజానికి ఒక మెథడ్ కాల్. పైగా ఏ మెథడ్ నడవాలో యాప్ తయారైనప్పుడు కాదు, మీ చేతిలో నడుస్తున్నప్పుడు తేలుతుంది. దీన్నే డైనమిక్ డిస్పాచ్ అంటారు.

మా నర్మెట్ట లెక్కలో చెప్తా. దరఖాస్తు మీద అధికారి పేరు కాకుండా 'తహసీల్దార్, నర్మెట్ట' అని రాశారనుకోండి. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్లకే చేరుతుంది. ఆ పని వాళ్ల పరిధిలో లేకపోతే ఆర్డీఓకి, ఆపైన కలెక్టర్‌కి. ఆబ్జెక్టివ్-సీ కూడా ఇంతే: మెథడ్ కోసం ముందు ఆబ్జెక్ట్ క్లాస్‌లో వెతుకుతుంది, లేకపోతే పేరెంట్ క్లాస్‌లో, అక్కడా లేకపోతే ఇంకా పైన.

2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా 'జిల్లా కలెక్టర్' అని రాస్తే వరంగల్ వెళ్లే మా దరఖాస్తులు జనగామ వెళ్లడం మొదలైంది. అక్షరం మారలేదు, చేరే చోటు మారింది. ఆపిల్ వాళ్ల కీ-వాల్యూ అబ్జర్వింగ్ చేసేదీ ఇలాంటి పనే. ఒక ప్రాపర్టీని గమనించమని అడిగితే, రన్‌టైమ్ అప్పటికప్పుడు కొత్త సబ్‌క్లాస్ సృష్టించి ఆబ్జెక్ట్‌ని అందులోకి మార్చేస్తుంది. 'ఫోన్.బ్యాటరీ = 20' అన్న లైన్ అలాగే ఉంటుంది, నడిచే సెట్టర్ మాత్రం వేరు!

1980ల మొదట్లో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ ఈ భాషను తయారుచేసినప్పుడు డాట్ ప్రాపర్టీలు లేవు, [ఫోన్ బ్యాటరీ] అని బ్రాకెట్లలో రాసేవాళ్లు. డాట్ 2007లో ఆబ్జెక్టివ్-సీ 2.0తో వచ్చింది. సీ భాషలో స్ట్రక్ట్ విలువలకూ అదే డాట్ కాబట్టి ఏది కాల్, ఏది కాదో చూపుకి తెలియదని చాలామంది గొడవపడ్డారు. నా ఓటు కూడా వాళ్లకే. రాసేటప్పుడు డాట్ హాయి, వేరేవాళ్ల కోడ్ చదివేటప్పుడు మాత్రం బ్రాకెట్టే హాయి.

మరి స్పీడ్ సంగతి? వెతుకులాట ఫలితాన్ని రన్‌టైమ్ క్యాష్‌లో పెట్టుకుంటుంది కాబట్టి ఒక్కో కాల్ ఖర్చు చాలా తక్కువ. అసలు సమస్య డాట్ వెనక దాక్కున్న బరువైన పని. 120 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది దాదాపు 8.3 మిల్లీసెకన్లు. స్క్రోల్ అవుతున్న లిస్ట్‌లో 'ఫొటో.థంబ్‌నెయిల్' అన్న చిన్న లైన్ ప్రతిసారీ ఫొటోని కొత్తగా కుదిస్తుంటే ఫ్రేమ్‌లు పోతాయి. మనం రివ్యూల్లో ప్రాసెసర్‌ని తిట్టేస్తాం.

ఇంకో ప్రమాదం నిల్. లేని ఆబ్జెక్ట్‌ని 'ఖాతా.బ్యాలెన్స్' అని అడిగితే ఆబ్జెక్టివ్-సీ క్రాష్ అవ్వదు, 0 ఇస్తుంది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. డబ్బుల యాప్‌లో తప్పుడు సున్నా అంతకంటే ఘోరం.

2014లో వచ్చిన స్విఫ్ట్ ఇలాంటివాటికి ఆప్షనల్స్ తెచ్చింది. డిస్పాచ్‌లోనూ ఎంపిక ఇచ్చింది: స్ట్రక్ట్ మెథడ్స్‌కి నేరుగా కాల్, మామూలు క్లాస్‌కి టేబుల్, 'ఫైనల్' అంటే మళ్లీ నేరుగా, పాత పద్ధతే కావాలంటే '@objc డైనమిక్'. డాట్ మాత్రం అన్నిటికీ ఒకటే.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ప్రోటోకాల్‌లో పేర్కొనకుండా దాని ఎక్స్‌టెన్షన్‌లో మాత్రమే రాసిన మెథడ్‌కి డైనమిక్ డిస్పాచ్ ఉండదు. వేరియబుల్ టైప్ ఆ ప్రోటోకాల్ అయితే, మీ క్లాస్‌లో అదే పేరుతో ఇంకో మెథడ్ ఉన్నా ఎక్స్‌టెన్షన్‌లోదే నడుస్తుంది. ఇంటర్వ్యూలకు రెడీ అవుతున్నవాళ్లు ఇది ఒకసారి రన్ చేసి చూడండి. తర్వాత ఆ మెథడ్ పేరుని ప్రోటోకాల్‌లో ఒక్క లైన్ చేర్చి మళ్లీ రన్ చేయండి, ఈసారి మీ క్లాస్‌లోది నడుస్తుంది.