వెల్లెస్లీ (ఇంటిపేరు)

వెల్లెస్లీ అనేది ఐర్లాండులో స్థిరపడిన ఒక ఆంగ్లేయ కులీన కుటుంబపు ఇంటిపేరు. పూర్వం 'వెస్లీ'గా ఉన్న ఈ పేరు 1798 నాటికి 'వెల్లెస్లీ'గా మారింది. ఈ ఇంటిపేరు గల ప్రముఖులలో ఇద్దరు సోదరులు ముఖ్యులు.

* రిచర్డ్ వెల్లెస్లీ (1760–1842): 1798 నుండి 1805 వరకు భారతదేశంలో గవర్నర్ జనరల్. ఇతని సైన్య సహకార పద్ధతికి మొదట అంగీకరించిన పాలకుడు హైదరాబాదు నిజాము (1798). సైన్యపు ఖర్చుకు బదులుగా, మైసూరు యుద్ధాల వలన తనకు దక్కిన ప్రాంతాలను నిజాము 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. ఇవే దత్తమండలాలు. వీటిలో అధికభాగానికి తరువాతి కాలంలో రాయలసీమ అనే పేరు వచ్చింది.
* ఆర్థర్ వెల్లెస్లీ (1769–1852): రిచర్డ్ తమ్ముడు, వెల్లింగ్టన్ డ్యూక్. 1803లో అస్సయే వద్ద మరాఠాలను, 1815లో వాటర్లూ వద్ద ప్రష్యా సైన్యంతో కలిసి నెపోలియన్‌ను ఓడించాడు. 1828లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. ఎన్నికల సంస్కరణను వ్యతిరేకించి 1830లో పదవి కోల్పోయాడు.