భూగర్భ వాయు గొట్టాలు – మన జాగ్రత్తలు

మన కాళ్ళక్రింద ఏమున్నదో సాధారణంగా మనం ఆలోచించము. కోనసీమలో కొబ్బరితోటల నడుమ, వరిచేల ప్రక్కన, ఇళ్ళకు చేరువగా సహజవాయువును మోసుకొనిపోయే ఉక్కు గొట్టాలు భూమిలో ఉన్నవి. విద్యుత్తుకు, ఎరువులకు ఆ వాయువే ఆధారం. అయితే వాటి పొరుగున నివసించేవారు వాటి స్వభావాన్ని కూడ ఎరిగి ఉండవలెను.

2014 జూన్ 27న తెల్లవారుజామున, నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో అట్టి గొట్టం ఒకటి చిల్లుపడినది. వాయువు పరిసరాలలో వ్యాపించి, నిప్పు తగిలి ఒక్కసారిగా మండినది. ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయిరి. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయినవి. గొట్టం తుప్పుపట్టుటయే ఈ ఘోరానికి మూలం. గొట్టాన్ని కాపాడవలసిన బాధ్యత దానిని నడిపేవారిదే. దానిని గ్రామస్థులపైకి నెట్టుట మా ఉద్దేశం కాదు. కాని ప్రమాద సూచనను గుర్తించే తెలివిడి మనకు ఉన్నచో కొన్ని ప్రాణాలైనను దక్కును.

"వాసన రాలేదు గనుక భయం లేదు" అని పలువురు అనుకొందురు. ఇది పెద్ద పొరపాటు. సహజవాయువులో ప్రధానమైన మీథేనుకు రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసుకు ఉండే ఘాటైన వాసన, మెర్కాప్టన్ అనే పదార్థాన్ని కలుపుట వలన వచ్చినదే. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ పాఠశాల క్రింద వాసన లేని వాయువు పేరుకొని ప్రేలగా, సుమారు మూడువందలమంది మరణించిరి. వారిలో అత్యధికులు పిల్లలు. ఆ పిమ్మటనే అక్కడ వాసన కలుపుట చట్టమైనది. మన పట్టణాలలో ఇంటింటికీ వచ్చే వాయువులో వాసన కలుపుదురు. దూరప్రాంతాలకు పోయే పెద్ద గొట్టాలలో అది ఉండునని నమ్మరాదు.

కావున ముక్కుతోపాటు కంటిని, చెవిని కూడ వినియోగించవలెను. చుట్టూ పచ్చగా ఉండగా ఒక్కచోట గడ్డి అకారణంగా ఎండుట, నీటిగుంటలో ఎడతెగక బుడగలు వచ్చుట, నేలనుండి బుసకొట్టే చప్పుడు, గాలి లేకున్నను దుమ్ము లేచుట – ఇవన్నియు హెచ్చరికలే. గాలిలో మీథేను 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ చాలును. కనుక అక్కడ అగ్గిపుల్ల గీయరాదు, మీటలు నొక్కరాదు, వాహనం నడుపరాదు, ఫోను తీయరాదు. ఇరుగుపొరుగును పిలుచుకొని, గాలి వీచే వైపుకు ఎదురుగా, దూరంగా నడిచిపోవలెను. సురక్షిత స్థలం చేరిన తరువాతనే గుర్తురాతిపై ఉన్న నంబరుకు గాని, 112కు గాని తెలుపవలెను. మండుచున్న వాయువును మనం ఆర్పబూనరాదు. మంట ఆరినను వాయువు వెలువడుచునే ఉండి మరల ప్రేలవచ్చును.

1962 నాటి కేంద్ర చట్టం ప్రకారం గొట్టం పోయే నేలలో పైరు వేసుకొనవచ్చును. ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, చెట్లు నాటుట కూడదు. సమీపంలో ఏ త్రవ్వకం చేయవలసివచ్చినను ముందుగా గొట్టం వారికి తెలియజేయవలెను.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఆ గుర్తురాతి మీది నంబరును వ్రాసుకొని రండి. ఉర్దూ చదివే ఇంట ఉర్దూలో, తెలుగు చదివే ఇంట తెలుగులో, అందరికీ కనిపించేచోట అంటించండి. చదువుకున్నవారు ఊరికి చేయగల మేలు ఇంత సులభంగా దొరకుట అరుదు.