రంజీ ట్రోఫీ: ఎక్కువ పరుగులు చేసినవాడే ఆ ఏటి మేటి బ్యాటరా?

పుదుచ్చేరికి దక్షిణాన, రోమన్ కాలపు మట్టిపాత్రలు బయటపడిన అరికమేడుకు సమీపంలో ఉన్న వీరాంపట్టినం మత్స్యకారుల ఊరు. ఇలాంటి తీరప్రాంతపు ఊళ్లలో ఇసుక మీద క్రికెట్ ఆడినవారికి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అల తాకి గట్టిపడిన తడి ఇసుక మీద టెన్నిస్ బంతి చక్కగా లేస్తుంది. నాలుగడుగులు పైకొచ్చి పొడి ఇసుకలో వేస్తే పడ్డచోటే కూలబడుతుంది. అక్కడ చేసిన ముప్పై పరుగులు, ఇక్కడ చేసిన ముప్పై పరుగులు లెక్కకు ఒకటే. ఆడినవాడిని అడిగితే మాత్రం ఒకటి కాదంటాడు.

దేశవాళీ క్రికెట్‌లో కొన్నేళ్లుగా నడుస్తున్న వాదన సరిగ్గా ఇదే. రంజీ ట్రోఫీలో ఒక సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసిన ఆటగాడికి బీసీసీఐ ఏటా మాధవరావు సింధియా అవార్డు ఇస్తుంది. దీనికి ఓటింగ్ లేదు, న్యాయనిర్ణేతలు లేరు. పరుగుల మొత్తం చూస్తారు, ఎవరిది ఎక్కువైతే వారికిస్తారు. చూడటానికి ఇంతకంటే నిష్పాక్షికమైన పద్ధతి ఉండదు. 2018-19 సీజన్ దాకా దాని గురించి పెద్దగా ఎవరూ ఆలోచించలేదు కూడా.

ఆ సీజన్‌లో ఏం మారింది?

సుప్రీంకోర్టు ఆమోదించిన సంస్కరణల ఫలితంగా 2018-19లో రంజీ ట్రోఫీలోకి ఒకేసారి తొమ్మిది జట్లు వచ్చాయి. పుదుచ్చేరి, సిక్కిం, మేఘాలయ, మణిపూర్, మిజోరం, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, చాలాకాలం దూరంగా ఉండి తిరిగొచ్చిన బిహార్. మొత్తం జట్లు 37 అయ్యాయి. కొత్త తొమ్మిదింటినీ విడిగా ప్లేట్ గ్రూపులో పెట్టారు. ఒక్కో జట్టుకు ఎనిమిది లీగ్ మ్యాచ్‌లు, అన్నీ తమలో తమకే.

క్రికెట్ వ్యవస్థ అంతంతమాత్రంగా ఉన్న రాష్ట్రాలకు రాత్రికి రాత్రి ఫస్ట్‌క్లాస్ జట్టు కావలసి వచ్చింది. దాంతో పాత జట్ల నుంచి అనుభవజ్ఞులను తెచ్చుకున్నారు. పుదుచ్చేరి అయితే మరీ ఎక్కువమందిని తెచ్చుకుంది. బయటి ఆటగాళ్ల అర్హత విషయంలో ఆ సంఘానికి ఇచ్చిన సడలింపు మీద గొడవ రేగడంతో బోర్డు దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌కు ఏళ్ల తరబడి ఆడిన పారస్ డోగ్రా ఆ ఏడాది పుదుచ్చేరి తరఫున సిక్కిం మీద 253 పరుగులు చేశాడు. రంజీల్లో అతనికది ఎనిమిదో డబుల్ సెంచరీ. అజయ్ శర్మ పేరిట ఉన్న ఏడు డబుల్ సెంచరీల రికార్డు అలా పోయింది.

అసలు తుపాను ఢిల్లీ నుంచి సిక్కింకు మారిన మిలింద్ కుమార్. మణిపూర్ మీద 261తో మొదలుపెట్టి, ఎనిమిది మ్యాచ్‌లలో 121 సగటుతో 1,331 పరుగులు చేశాడు. అదే సీజన్‌లో ఎలీట్ గ్రూపుల్లో వసీం జాఫర్ 40 ఏళ్ల వయసులో 11 మ్యాచ్‌లు ఆడి 1,037 పరుగులు చేశాడు, అతని విదర్భ జట్టు ట్రోఫీ గెలిచింది. ప్లేట్‌లో మొదటి స్థానం సాధించి క్వార్టర్ ఫైనల్‌కు వచ్చిన ఉత్తరాఖండ్‌ను ఇన్నింగ్స్ తేడాతో ఓడించింది ఆ విదర్భే. ఆ మ్యాచ్‌లో జాఫర్ డబుల్ సెంచరీ కొట్టాడు.

అవార్డు మిలింద్‌కు వచ్చింది. మరుసటి ఏడాదీ అంతే. అరుణాచల్ ప్రదేశ్ తరఫున రాహుల్ దలాల్ తొమ్మిది మ్యాచ్‌లలో 1,340 పరుగులు చేసి అవార్డు తీసుకున్నాడు. ముంబయికి ఆడిన సర్ఫరాజ్ ఖాన్ ఆ ఏడాది ఎలీట్‌లో ఆరు మ్యాచ్‌లలోనే ఒక ట్రిపుల్ సెంచరీతో సహా 928 పరుగులు చేశాడు. సగటు 154 దాటింది. కానీ అవార్డు సగటును చూడదు.

లక్ష్మణ్ 1,415 పక్కన

ఈ లెక్కలు తెలుగువారికి మరోలా కూడా తగిలాయి. ఒక రంజీ సీజన్‌లో అత్యధిక పరుగుల రికార్డు వీవీఎస్ లక్ష్మణ్‌ది. 1999-2000లో హైదరాబాద్ తరఫున తొమ్మిది మ్యాచ్‌లలో 1,415 పరుగులు, ఎనిమిది సెంచరీలు. వాటిలో కర్ణాటక మీద సెమీఫైనల్లో చేసిన 353 ఉంది. భారత జట్టులో చోటు పోగొట్టుకున్న మనిషి తిరిగి తలుపు తట్టిన సీజన్ అది. మిలింద్, దలాల్ ఆ అంకెకు వంద పరుగుల లోపు దూరం దాకా వచ్చేసరికి హైదరాబాద్ అభిమానులకు చిరాకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

కాకపోతే 2024 జనవరిలో అదే హైదరాబాద్ అవతలి ఒడ్డున నిలబడింది. అంతకుముందు సీజన్‌లో అట్టడుగున నిలిచి ప్లేట్‌కు పడిపోయిన జట్టు, అరుణాచల్ మీద ఒక్క రోజులో వికెట్ నష్టానికి 529 పరుగులు చేసింది. తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ మొత్తంలో అదే అత్యంత వేగవంతమైనది. అంతకుముందున్న దక్షిణాఫ్రికా ఆటగాడి రికార్డు 191 బంతులు. తన్మయ్ చివరికి 26 సిక్సర్లతో 366 దగ్గర ఆగాడు. సిక్కిం పరుగులను చులకన చేసినవారిలో ఎందరు ఆ రోజు ఈ పరుగులనూ చులకన చేశారో వారికే తెలియాలి.

ప్లేట్ పరుగులు నిజంగా తేలికా?

ఇక్కడ చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ప్లేట్‌లో బౌలింగ్ బలహీనం, అందుకే పరుగులు పారాయి అంటారు. కానీ 2018-19లో అదే ప్లేట్ గ్రూపులో బిహార్ స్పిన్నర్ అశుతోష్ అమన్ ఎనిమిది మ్యాచ్‌లలో 68 వికెట్లు తీశాడు. సగటు ఏడు పరుగుల లోపు. 1974-75లో బిషన్ సింగ్ బేడీ నెలకొల్పిన 64 వికెట్ల రికార్డు దాంతో చెరిగిపోయింది. పరుగులు పారే చోట అలాంటి సగటు ఎలా వస్తుంది? అంటే అక్కడ బౌలర్లే కాదు, బ్యాటర్లూ బలహీనులే. నిలదొక్కుకున్న ఒకరిద్దరు కొండలా కనిపిస్తారు, మిగతావారు వరసగా పెవిలియన్‌కు వెళ్తుంటారు. సిక్కిం మొదటి మూడు వికెట్లు పడిపోయాక క్రీజులోకి వచ్చేవాడికి అవతలి ఎండ్‌లో తోడు దొరకడమే గగనం.

కాబట్టి ‘తేలిక’ అన్నమాటను రెండు ముక్కలుగా విడదీయాలి. తన చుట్టూ ఉన్నవారి కంటే ఒక ఆటగాడు ఎంత మెరుగ్గా ఆడాడన్నది ఒక ప్రశ్న. ఆ చుట్టూ ఉన్నవారి స్థాయి ఎంత అన్నది రెండోది. పరుగుల మొత్తం ఈ రెంటిలో దేనికీ సూటిగా జవాబు చెప్పదు.

బేస్‌బాల్ వాళ్ల పాత తగువు

ఈ తగువును వందేళ్లకు పైగా పడుతున్నవారు అమెరికా బేస్‌బాల్ అభిమానులు. 1910లో చామర్స్ అనే కార్ల కంపెనీ అత్యధిక బ్యాటింగ్ సగటు సాధించినవారికి కారు బహుమతిగా ప్రకటించింది. పోటీ టై కాబ్, నాప్ లజోయ్ మధ్య. ముందున్న కాబ్ తన సగటు తగ్గకుండా చివరి రెండు మ్యాచ్‌లకు బయటే కూర్చున్నాడు. తోటి ఆటగాళ్లకు కాబ్ అంటే పడదు. ఆఖరి రోజు లజోయ్‌కు ప్రత్యర్థిగా ఆడిన సెయింట్ లూయిస్ జట్టు తన మూడో బేస్ ఫీల్డర్‌ను కావాలనే చాలా వెనక్కి జరిపింది. లజోయ్ బంతిని మెల్లగా నేలకు తాకించి పరుగెత్తడం, సురక్షితంగా చేరుకోవడం. ఆ ఒక్క రోజులో రెండు మ్యాచ్‌లలో అతనికి ఎనిమిది హిట్లు వచ్చాయి. రచ్చ జరిగింది, సెయింట్ లూయిస్ మేనేజర్ ఉద్యోగం ఊడింది. వెంట్రుకవాసి తేడాతో కాబ్‌దే పైచేయి అని ప్రకటించారు, కంపెనీ మాత్రం ఇద్దరికీ కార్లు ఇచ్చి చేతులు దులుపుకొంది. డెబ్భై ఏళ్ల తర్వాత తేలిందేమిటంటే, కాబ్ ఆడిన ఒక మ్యాచ్ లెక్కల్లో రెండుసార్లు పడింది. సరిచేస్తే లజోయ్‌దే ఎక్కువ!

మరుసటి ఏడాది నుంచి ఆ కారును అంకెను బట్టి కాక, విలేఖరుల ఓట్లను బట్టి ఇచ్చారు. అంకెను నమ్ముకుంటే అంకెతో ఆడుకుంటారు. ఓటును నమ్ముకుంటే అభిమానం, పేరుప్రతిష్ఠలు అడ్డొస్తాయి. 2012లో మిగెల్ కబ్రెరా సగటు, హోమ్ రన్లు, రన్స్ బ్యాటెడ్ ఇన్ మూడింటిలోనూ తన లీగ్‌లో మొదటి స్థానం సాధించి అత్యంత విలువైన ఆటగాడి అవార్డు గెలిస్తే, పరుగెత్తడం, ఫీల్డింగ్ కలిపి చూస్తే మైక్ ట్రౌటే మేలన్న వర్గం ఇప్పటికీ ఒప్పుకోదు.

ఈ వందేళ్లలో వాళ్లు కొన్ని పనికొచ్చే అలవాట్లు చేసుకున్నారు. బ్యాటింగ్ సగటు టైటిల్‌కు అర్హత పొందాలంటే జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కు 3.1 చొప్పున, అంటే 162 మ్యాచ్‌ల సీజన్‌లో 502 సార్లు బ్యాటింగ్‌కు రావాలి. నాలుగు మ్యాచ్‌లు మెరిసి మాయమయ్యేవాడికి చోటు లేదు. ఇక డెన్వర్ మైదానం సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలి పలచన, బంతి దూరం పోతుంది. అందుకే మైదానాన్ని బట్టి, ఆ ఏటి లీగ్ సగటును బట్టి అంకెలను సవరిస్తారు. లీగ్‌లో సగటు ఆటగాడిని 100 అనుకుంటే, 150 ఉన్నవాడు అతని కంటే యాభై శాతం మెరుగు.

దాన్ని రంజీకి వర్తింపజేయడం కష్టమేమీ కాదు. ఒక గ్రూపులో వికెట్‌కు సగటున 25 పరుగులు, మరో గ్రూపులో 35 పరుగులు వస్తున్నాయనుకుందాం. మొదటి గ్రూపులో 50 సగటు ఉన్నవాడు తనవారి కంటే రెట్టింపు. రెండో గ్రూపులో అదే లెక్కకు 70 కావాలి. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. రెండో ప్రశ్న, ఆ గ్రూపు స్థాయి ఎంత అన్నది, దీంతో తేలదు. దానికి రెండు చోట్లా ఆడినవారు కావాలి. బిల్ జేమ్స్ అనే గణాంక రచయిత 1985లో చేసింది అదే. కింది స్థాయి లీగుల్లో ఆడి పైకి వచ్చినవారి అంకెలు ఎంత తగ్గాయో చూసి, కింది పరుగులను పై పరుగుల్లోకి మార్చే పద్ధతి చూపించాడు.

నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగుల్లోకి రానివ్వని కాలంలో వారు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల గణాంకాలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో టై కాబ్ 0.367 జీవితకాల సగటును దాటి జోష్ గిబ్సన్ 0.372తో మొదటి స్థానానికి వచ్చాడు. అతన్ని వేరే లీగ్‌లో ఆడించింది అతని ఇష్టం కాదు కదా అన్నదే అక్కడి ప్రధాన వాదన.

అడ్డుగీత ఎవరు గీశారు?

ప్లేట్ ఆటగాళ్లతో ఈ పోలిక పూర్తిగా సరిపోదు. మిలింద్, డోగ్రా లాంటివారు తమ ఇష్టంతోనే మారారు. కానీ స్థానిక కుర్రాళ్ల సంగతి వేరు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. 2018-19లో యానాం కుర్రాడు పుదుచ్చేరికి ఆడితే ప్లేట్‌లో ఆడినట్లు, పక్క ఊరి కుర్రాడు ఆంధ్రకు ఆడితే ఎలీట్‌లో ఆడినట్లు. వీరాంపట్టినం కుర్రాడికీ, కడలూరు వైపు తమిళనాడు కుర్రాడికీ ఇదే తేడా. సెలెక్టర్లు ప్లేట్ పరుగులను పక్కనపెడితే నష్టపోయేది వీళ్లే. అవార్డు వచ్చినా అంతే: 1,331 పరుగులు చేసిన ఆ సీజన్ మధ్యలోనే మిలింద్‌ను బెంగళూరు ఐపీఎల్ జట్టు కొనుక్కుంది గానీ, భారత జట్టు దరిదాపులకు అతను రాలేదు. తర్వాత అమెరికా వెళ్లి 2024 టీ20 ప్రపంచకప్‌కు ఆ దేశపు జట్టులో చోటు సంపాదించాడు.

చివరికి బోర్డు అవార్డునే రెండుగా చీల్చింది. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన 2023-24 అవార్డుల్లో ఎలీట్ విభాగంలో ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్, ప్లేట్ విభాగంలో మిజోరం తరఫున ఆడిన అగ్ని చోప్రా పేర్లు ఉన్నాయి. భుయ్ ఎనిమిది మ్యాచ్‌లలో 902, చోప్రా ఆరు మ్యాచ్‌లలో 939. పాత పద్ధతే ఉంటే భుయ్‌కు ఏమీ దక్కేది కాదు. విశాఖలో బెంగాల్ మీద 175తో సీజన్ మొదలుపెట్టిన అతను, హనుమ విహారి వదిలేసిన కెప్టెన్సీని కూడా మోశాడు. ఆంధ్ర క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో ఓడింది.

ఈ విభజన న్యాయమైనదే. అయితే సగం పనే. రెండు విభాగాల్లోనూ ఇంకా పరుగుల మొత్తాన్నే చూస్తున్నారు. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు బ్యాటర్‌కు మూడు మ్యాచ్‌లు అదనంగా దొరుకుతాయి, లీగ్‌లో ఇంటికెళ్లినవాడికి దొరకవు. కనీస ఇన్నింగ్స్‌ల నిబంధన పెట్టి, గ్రూపు సగటుతో పోల్చి చూస్తే ఈ వంకర చాలావరకు తీరుతుంది. స్కోర్‌కార్డులన్నీ బోర్డు దగ్గరే ఉన్నాయి, కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు.

పైగా గ్రూపుల మధ్య గోడ అందరూ అనుకున్నంత ఎత్తయినదేమీ కాదు. ఎలీట్‌లోకి వచ్చిన పుదుచ్చేరి 2024 జనవరిలో ఢిల్లీని ఢిల్లీలోనే తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించింది. ప్లేట్‌లో 366 కొట్టిన తన్మయ్ మరుసటి సీజన్‌లో ఎలీట్‌లో 934 పరుగులు చేశాడు. అమన్ 68 వికెట్ల రికార్డును 2024-25లో విదర్భ స్పిన్నర్ హర్ష్ దూబే 69తో దాటాడు, అదీ ఎలీట్‌లో.

ఇక సీజన్ పరుగుల పట్టిక అలాగే ఉంది. మొదట లక్ష్మణ్ 1,415, తర్వాత దలాల్ 1,340, మిలింద్ 1,331, ఆ కింద 2015-16లో ముంబయిని గెలిపించిన శ్రేయస్ అయ్యర్ 1,321. ఎవరు ఏ గ్రూపులో ఆడారో చెప్పే గడి మాత్రం ఆ పట్టికలో లేదు.