ఆసుపత్రిని నడపడమూ ఒక చదువే
పీజీ కోర్సులతో పాలనాధికారులుగా అవకాశాలు

గోదావరిఖని: ఆసుపత్రి అనగానే వైద్యులు, నర్సులు, మందులే గుర్తుకొస్తాయి. అయితే అత్యవసర రోగికి వేళకు పడక దొరకాలన్నా, ఆపరేషన్ థియేటర్లో ఆక్సిజన్ సరఫరా ఆగకూడదన్నా, ఆరోగ్యశ్రీ అనుమతి సకాలంలో రావాలన్నా తెర వెనుక పాలనా వ్యవస్థ సక్రమంగా పనిచేయాలి. ఆ పనిని శాస్త్రీయంగా నేర్పేదే ఆసుపత్రి నిర్వహణలో పీజీ విద్య.

సింగరేణి ఏరియా ఆసుపత్రి, ఎన్టీపీసీ ఆసుపత్రి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్న రామగుండం ప్రాంతంలో 2022 నవంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. సింగరేణి నిధులతో ఏర్పాటైన ఈ కళాశాలకు అనంతరం సింగరేణి పేరే పెట్టారు. బోధనాసుపత్రిలో విభాగాలు, సిబ్బంది, పరికరాలు అధికం. వాటన్నింటి సమన్వయం అదనపు బాధ్యతగా చూసుకునే పని కాదు.

పడక లెక్కే ప్రాణం
ఒక రోగి సగటున 6 రోజులు ఉంటే ఒక్కో పడకపై నెలకు ఐదుగురికి చికిత్స అందుతుంది. పరీక్షల నివేదికలు, డిశ్చార్జి పత్రాల జాప్యాన్ని నివారించి ఆ సగటును 5 రోజులకు తగ్గించగలిగితే ఆరుగురికి అందుతుంది. 100 పడకల ఆసుపత్రిలో కొత్త పడక ఒక్కటీ వేయకుండానే నెలకు మరో 100 మందికి చోటు దొరుకుతుంది. దూరాభారమైన హైదరాబాద్‌కు రోగిని పంపాల్సి వచ్చే ఈ ప్రాంతంలో ఈ లెక్క ఎంతో విలువైనది.

ఏం బోధిస్తారు?
ఆసుపత్రి ప్రణాళిక, ఆర్థిక నిర్వహణ, మానవ వనరులు, వైద్య రికార్డులు, జీవ గణాంకాలు, చట్టాలు, నాణ్యతా ప్రమాణాలు ఇందులో ముఖ్యాంశాలు. మందుల కొనుగోలునే తీసుకుంటే, నిల్వల్లో కొద్ది రకాలే బడ్జెట్‌లో సింహభాగాన్ని మింగుతాయి. వాటిని గుర్తించి నిత్యం పర్యవేక్షించే పద్ధతిని విద్యార్థులు అభ్యసిస్తారు. 2016 నాటి నిబంధనల ప్రకారం జీవవైద్య వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరుచేయించడం, శుద్ధి చేయని వ్యర్థాలు 48 గంటలకు మించి నిల్వ ఉండకుండా చూడడం కూడా పాలనాధికారి విధుల్లోకే వస్తాయి.

2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ రాష్ట్రమంతటికీ విస్తరించిన తర్వాత ముందస్తు అనుమతులు, క్లెయిముల పని పెరిగింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. పత్రాల్లో పొరపాటు దొర్లితే ఆసుపత్రికి రావాల్సిన సొమ్ము నిలిచిపోతుంది. ఆ ప్రభావం చివరకు రోగిపైనే పడుతుంది.

ఎక్కడ చదవాలి?
ప్రపంచంలో ఈ విద్యకు 1934లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం శ్రీకారం చుట్టింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ 1960వ దశకంలోనే వైద్యుల కోసం పీజీ కోర్సు ప్రవేశపెట్టింది. హైదరాబాద్‌లోని నిమ్స్ మాస్టర్ ఇన్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సును నిర్వహిస్తోంది. రెండేళ్ల చదువు తర్వాత ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అపోలో విద్యాసంస్థ ఇదే పేరుతో కోర్సు అందిస్తోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ విభాగంలో ఎంబీఏ ఉంది.

ఈ చదువు వైద్యులకే పరిమితం కాదు. బీఎస్సీ, బీకాం, నర్సింగ్, ఫార్మసీ పట్టభద్రులకూ పలు సంస్థలు అవకాశమిస్తున్నాయి. చేరే ముందు సంస్థకు విశ్వవిద్యాలయ గుర్తింపు ఉందా, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో చేయిస్తారు, మొత్తం రుసుము ఎంత అన్న విషయాలను విచారించుకోవాలి. వైద్యసీటు దక్కలేదని నిరాశ చెందే కార్మిక కుటుంబాల పిల్లలకు ఆసుపత్రిలో సేవ చేసేందుకు ఇది మరో దారి.